పాత హెల్మెట్ ఇంకా పనికొస్తుందా? విప్పి చూసి తేల్చుకోవడం ఎలా

మన వైపు ఇళ్లలో హెల్మెట్‌కి రిటైర్మెంట్ ఉండదు. అన్నయ్య కొత్తది కొన్న రోజున పాతది తమ్ముడికి వస్తుంది. తమ్ముడు ఉద్యోగంలో చేరి తనకొకటి కొనుక్కుంటే అది బండి వెనక కూర్చునే అమ్మకి వెళ్తుంది. అమ్మ తల నొక్కేస్తోందంటే ఊళ్లో బాబాయ్ బండికి తగిలిస్తారు, పొలానికి వెళ్లేటప్పుడు పనికొస్తుందని. ఇన్ని చేతులు మారినా దాన్ని ఒక్కసారైనా విప్పి చూసినవాళ్లు ఉండరు. దుమ్ము తుడుస్తారు, గ్లాసు కడుగుతారు, అంతే.

బయటి నుంచి చూస్తే హెల్మెట్ సంగతి తెలియదు. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల పని అయిపోయి ఉండొచ్చు. వెలిసిపోయి గీతలు పడ్డది లోపల చక్కగా ఉండొచ్చు. అందుకని లోపలి నుంచి మొదలుపెట్టి బయటికి వద్దాం. ఆదివారం పొద్దున్న టీ తాగుతూ చేసేసుకోగల పని ఇది. పగటి వెలుతురు, కింద పరవడానికి ఒక పాత తువ్వాలు, ఫోన్లో టార్చి ఉంటే చాలు. ఇంట్లో ఎన్ని హెల్మెట్లు ఉంటే అన్నీ ఒకేసారి తెచ్చి పెట్టుకోండి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా సులువుగా కనిపిస్తుంది.

లోపల ఏముంటుందంటే

పైన గట్టి డొల్ల. మామూలు ధరల్లో అది ఏబీఎస్ ప్లాస్టిక్‌తోనో పాలీకార్బొనేట్‌తోనో చేసి ఉంటుంది, ఖరీదైనవైతే ఫైబర్ గ్లాస్. దాని లోపల రెండు మూడు సెంటీమీటర్ల మందాన థర్మాకోల్. షాపు వాళ్లు దీన్ని ఈపీఎస్ అంటారు. టీవీ పెట్టెలో వచ్చేదీ ఇదే పదార్థం, కాకపోతే హెల్మెట్‌లోది ఇంకా దట్టంగా ఉంటుంది. అన్నిటికంటే లోపల, మన తలకి తగిలేలా స్పాంజి, గుడ్డ.

డొల్ల చేసే పని దెబ్బని ఒకే చోట పడనీయకుండా చుట్టూ పంచడం, రాయి లాంటిది లోపలికి దిగకుండా ఆపడం. తలని కాపాడేది మాత్రం థర్మాకోల్. దాని పూసల నిండా గాలే. తల వేగంగా వచ్చి తగిలినప్పుడు ఆ పూసలు నలిగిపోతూ, తల ఆగడానికి కాస్త దూరం, కాస్త సమయం ఇస్తాయి. ఆ కాస్తలోనే మెదడుకి తగిలే కుదుపు తగ్గిపోతుంది. కానీ నలిగిన పూస మళ్లీ ఉబ్బదు. దంచిన అటుకులు తిరిగి వడ్లు కానట్టే. అంటే ఒక గట్టి దెబ్బకి తలని కాపాడిన చోట, రెండో దెబ్బకి అదే హెల్మెట్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు. మంచు కొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లు పెట్టుకునే హెల్మెట్లలో కూడా చాలావాటికి ఇదే సూత్రం. గట్టిగా పడితే వాళ్లూ మార్చాల్సిందే.

స్పాంజి దెబ్బని ఆపదు. అది సౌకర్యం కోసం, తలకి బిగువుగా కూర్చోవడం కోసం. చాలామంది "లోపల మెత్తగా బాగానే ఉంది" అని తేల్చేసేది ఈ స్పాంజిని తడిమే.

మొదట అడగాల్సింది: తల లోపల ఉండగా తగిలిందా?

తగిలితే మిగతా పరీక్షలతో పని లేదు, మార్చేయాలి. "మెల్లగానే పడ్డాను" అన్న మాట ఇక్కడ చెల్లదు. బండి ఆగి ఉండగా పక్కకి ఒరిగి పడినా, ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి తల నేలని తాకేసరికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్లకి దగ్గరగా ఉంటుంది. బండి వేగం ఎంతైనా, కింద పడే తల వేగం ఎత్తుని బట్టి ఉంటుంది.

మా బావమరిది ఒకసారి నరసన్నపేట దగ్గర సర్వీసు రోడ్డు మీద ఇసుకకి జారి పడ్డాడు. మోచెయ్యి గీరుకుంది, ఇంకేం కాలేదు. హెల్మెట్ మార్చమంటే, "ఏటి బావా, మీద గీతైనా సరిగ్గా నేదు, బాగానే ఉంది గదా" అన్నాడు. నిజమే, డొల్ల మీద ఎడమ చెవి పైన గోరంత గీత తప్ప ఏమీ లేదు. లోపలి గుడ్డ ఊడదీసి, టార్చి పక్క నుంచి వేసి చూశాం. థర్మాకోల్ అంతటా పూసలు విడివిడిగా, గరుకుగా కనిపిస్తున్నాయి. ఆ గీతకి సరిగ్గా వెనకాల మాత్రం పది రూపాయల బిళ్లంత మేర నున్నగా మెరుస్తోంది. పూసల మధ్య గీతలే లేవు. వేలితో తడిమితే సన్నని గుంట. రెండో వైపు అదే చోట తడిమితే ఆ గుంట లేదు. అతనే నాలుగుసార్లు అటూ ఇటూ తడిమి చూసుకున్నాడు, ఆ తర్వాత వాదించలేదు.

ఇంకో సంగతి. అలా గుంట కనిపించకపోతే దెబ్బ తగల్లేదని కాదు. థర్మాకోల్ చాలాసార్లు డొల్లకి ఆనుకున్న వైపు నలుగుతుంది. అది మనం విప్పినా కంటికి కనపడదు. అందుకే పడినప్పుడు హెల్మెట్ నేలని తాకిందని గుర్తుంటే చాలు, ఆధారాల కోసం వెతుక్కోనక్కర్లేదు.

మరి ఖాళీ హెల్మెట్ చేయి జారి కింద పడితే? దానికి టెన్షన్ పడకండి. తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. ఆ బరువు లోపల లేనప్పుడు థర్మాకోల్‌ని లోపలి నుంచి నలిపేది ఏదీ లేదు. నడుమెత్తు నుంచి ఒకసారి పడితే చుట్టూ ఒకసారి చూసి, పగులు లేకపోతే పెట్టుకోండి. మేడ మీద నుంచి పడినా, బండి నడుస్తుండగా హ్యాండిల్‌కి వేలాడదీసింది ఊడి రోడ్డు మీద ఎగిరెగిరి పడినా మాత్రం నేనైతే దాన్ని నమ్మను. హ్యాండిల్‌కి వేలాడే హెల్మెట్ ఎలాగూ ఎవరినీ కాపాడదు, పైగా తనే పాడవుతుంది.

తయారైన తేదీ వెతకండి

స్ట్రాప్ మీద కుట్టిన చిన్న లేబుల్ మీదో, లోపలి గుడ్డ కిందో, వెనక స్టిక్కర్ మీదో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చెమటకి అక్షరాలు చెరిగిపోయి ఉంటే టార్చి ఏటవాలుగా వేసి చూడండి. ఎక్కడా దొరకకపోతే, ఎప్పుడు కొన్నారో ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే, అదే ఒక జవాబు. అది పాతదే.

వాడకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఐదేళ్లకి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. అమెరికాలో హెల్మెట్ ప్రమాణాల కోసమే 1957లో మొదలైన స్నెల్ ఫౌండేషన్ కూడా ఐదేళ్లే అంటుంది. ఇది కంపెనీల వ్యాపారం కోసం పుట్టిన లెక్క అని కొట్టిపారేసేవాళ్లున్నారు. థర్మాకోల్ ఐదేళ్లు నిండిన మర్నాడు కుళ్లిపోదు, ఆ మాట నిజమే. కానీ స్నెల్ చెప్పే కారణాలు చూడండి: లోపల వాడిన జిగురు, తలకి రాసుకునే నూనె, చెమట, వంటికి పూసుకునే క్రీములు, రోజువారీ అరుగుదల. ఇవన్నీ కలిసి లోపలి భాగాన్ని నెమ్మదిగా పాడు చేస్తాయి. తలకి కొబ్బరినూనె పట్టించనిదే గడప దాటని మనకి, మే నెల ఉక్కలో చెమట కారుతూ ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చి వెళ్లేవాళ్లకి ఈ లెక్క ఇంకాస్త గట్టిగానే వర్తిస్తుంది.

అందరికీ ఒకే గడువు అని కూడా అనుకోను. రణస్థలం, పైడిభీమవరం ఫ్యాక్టరీలకి షిఫ్టుల ప్రకారం రోజూ హైవే మీద తిరిగేవారి హెల్మెట్, నెలకోసారి అరసవల్లికో రామతీర్థానికో వెళ్లడానికి బయటికి తీసే హెల్మెట్ ఒకటి కావు. రోజూ వాడేవారు మూడేళ్లు దాటాక ఆరు నెలలకోసారి విప్పి చూడండి, ఐదేళ్లకి మార్చండి. ఎప్పుడో ఒకసారి వాడి, బీరువాలో గుడ్డ సంచిలో పెట్టిందైతే లోపల చూసి నిర్ణయించుకోవచ్చు. అయినా పదేళ్ల నాటిది మాత్రం వద్దు.

గుడ్డ ఊడదీసి చూడటం

ఈమధ్య వచ్చే హెల్మెట్లలో లోపలి గుడ్డ, చెంపల దగ్గరి మెత్తలు టిచ్ బటన్లతో ఊడి వస్తాయి. బలంగా లాగకండి. బటన్ ఉన్న చోట గోరు పెట్టి పైకెత్తితే వస్తుంది. కొన్ని చవక రకాల్లో గుడ్డ అంటించేసి ఉంటుంది. వాటిలో అంచు దగ్గర కొంచెం ఎత్తి తొంగి చూడటం తప్ప దారి లేదు.

ముందు కళ్లతో చూడండి. పగుళ్లు, విరిగిన ముక్కలు, నున్నగా అణిగిన మచ్చలు ఏవైనా ఉన్నాయా? తర్వాత బొటనవేలితో నొక్కుతూ చుట్టూ తిరగండి. గోరు దిగేలా కాదు, వేలి మెత్తతో. అన్ని చోట్లా ఒకేలా గట్టిగా ఉండాలి. ఒక చోట మెత్తగా లోపలికి పోతున్నా, వేలికి తెల్లని పొడి అంటుతున్నా, తువ్వాలు మీద పూసలు రాలుతున్నా అది అయిపోయినట్టే. కుడి ఎడమల్ని పోల్చుకుంటూ చూడటం మర్చిపోకండి.

మన ఊళ్లలో మరో శత్రువు ఉంది, చీమలు. వానాకాలంలో అటక మీదో, స్టోర్ రూములోనో పడేసిన హెల్మెట్ థర్మాకోల్‌లోకి చీమలు దారులు తొలిచేస్తాయి. సన్నని రంధ్రాలు, కింద తెల్లని నూక కనిపిస్తే అదే. ఎలుకలకైతే స్ట్రాప్ కూడా ఇష్టమే. రంధ్రం ఒకటే కదా అనుకోకండి, లోపల ఎంత దూరం తొలిచాయో మనకి తెలియదు.

ఇప్పుడు అద్దాల సంగతి. సైడ్ మిర్రర్‌కి హెల్మెట్ బోర్లించే అలవాటు మనకి చాలామందికి ఉంది. విజయనగరం కోట జంక్షన్ దగ్గర పార్కింగ్‌లో ఒకసారి చూడండి, వరుసగా అలాగే ఉంటాయి. అద్దం కొస లోపలి థర్మాకోల్ మీద ఒకే చోట రోజూ ఒత్తుతూ గుంట చేస్తుంది. మీకు ఈ అలవాటు ఉంటే నడినెత్తి భాగం ప్రత్యేకంగా తడిమి చూడండి.

పెట్రోల్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. నమ్మకం లేకపోతే ఒక పాత థర్మాకోల్ ముక్క మీద రెండు చుక్కలు వేసి చూడండి, ఆరుబయట, నిప్పుకి దూరంగా. కాబట్టి పెట్రోల్ కొట్టించేటప్పుడు హెల్మెట్‌ని ట్యాంక్ మూత పక్కన పెట్టకండి. గ్రీజు మరకలు పోవడానికి పెట్రోల్, కిరోసిన్, థిన్నర్ పెట్టి తుడవడం అంతకంటే ప్రమాదం. ఏబీఎస్, పాలీకార్బొనేట్ డొల్లలు కూడా వీటికి పెళుసెక్కుతాయి. మీద నచ్చిన రంగు స్ప్రే చేయించిన హెల్మెట్, ఇలా కడిగిన చరిత్ర ఉన్న హెల్మెట్ చూడటానికి ఎంత బాగున్నా మార్చేయడమే మేలు.

డొల్లని పిండి చూడండి

కింది అంచుని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దగ్గరికి నొక్కండి, తర్వాత దూరంగా లాగండి. కొంచెం వంగి వెనక్కి రావాలి. కరకరమని శబ్దం వస్తున్నా, డొల్లకీ థర్మాకోల్‌కీ మధ్య సందు తెరుచుకుంటున్నా, థర్మాకోల్ లోపల ఊగుతున్నా మంచిది కాదు.

పైన గీతలు చూసి భయపడక్కర్లేదు. రంగు మీద గీత వేరు, డొల్ల పగులు వేరు. అనుమానం ఉన్న గీతని తడి గుడ్డతో తుడిచి, నొక్కుతూ చూడండి. నొక్కినప్పుడు గీత నోరు తెరిస్తే అది పగులు. ఆరిన తర్వాత కూడా గీత వెంట సన్నగా తడి నిలిచి ఉంటే అదీ పగులే. ఏళ్ల తరబడి ఎండలో బండి మీదే వదిలేసిన హెల్మెట్ డొల్ల వెలిసి, చేత్తో రాస్తే పొడి అంటేలా తయారవుతుంది. అలాంటిది పెళుసుగా అయిపోయి ఉంటుంది.

బిగువు పోయిందేమో

గుడ్డలు తిరిగి పెట్టి, తలకి తొడుక్కుని, స్ట్రాప్ బిగించండి. తల అటూ ఇటూ గట్టిగా ఊపండి. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం, చెంపలు కదలాలి. తల ఒక వైపు తిరుగుతుంటే హెల్మెట్ తాపీగా వెనకాల వస్తోందంటే వదులైపోయింది. తర్వాత ఎవరినైనా వెనక నిలబెట్టి, వెనక అంచు కింద చేతులు పెట్టి ముందుకి ఎత్తమనండి. నుదుటి మీదుగా జారి ఊడి వచ్చేస్తే, పడినప్పుడు కూడా అలాగే ఊడిపోతుంది. ఊడిపోయాక లోపల థర్మాకోల్ ఎంత గట్టిగా ఉండి ఏం లాభం?

వదులు కావడానికి కారణం స్పాంజి నలిగిపోవడమే అయితే, కొన్ని కంపెనీలు చెంప మెత్తలు విడిగా అమ్ముతాయి. షాపులో అడగండి. దొరికితే తక్కువలో పోతుంది. దొరక్కపోతే సందులో పాత గుడ్డ దోపి సర్దుకోవడం మాత్రం చేయకండి.

తమ్ముడికి, చెల్లికి బదిలీ చేసిన హెల్మెట్లు ఎక్కువగా ఓడిపోయేది ఈ పరీక్షలోనే. అన్నయ్య తలకి అరిగిన మెత్తలు చెల్లి తలకి ఎలా బిగుస్తాయి?

స్ట్రాప్, క్లిప్పు

ఇది చూడటానికి నిమిషం చాలు, కానీ వదలకండి. స్ట్రాప్ అంచులు పీచు లేచాయా, కుట్లు ఊడాయా, డొల్లకి బిగించిన రివిట్ దగ్గర తుప్పు ఉందా? కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి ఈ రివిట్లు తొందరగా తుప్పు పడతాయి. స్ట్రాప్ పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా గుంజి చూడండి. క్లిప్పు పెట్టినప్పుడు టక్కుమని పడాలి, గుంజితే ఊడకూడదు. పళ్లు అరిగిపోయి గుంజినప్పుడల్లా ఒక్కో పన్ను జారుతుంటే ఆ హెల్మెట్ తల మీద ఉన్నా లేనట్టే. క్లిప్పు విరిగితే చెప్పులు కుట్టే అతని దగ్గర కొత్తది వేయించుకునేవాళ్లని చూస్తుంటాను. కుట్టు గట్టిగానే పడొచ్చు. కానీ పడినప్పుడు అది పట్టుకుంటుందో లేదో ఎవరూ పరీక్షించి చూసింది కాదు. కంపెనీ విడిభాగం దొరికితే సరే, లేకపోతే హెల్మెటే మార్చండి.

వీటి కోసం హెల్మెట్ పారేయకండి

గ్లాసు గీతలు పడితే గ్లాసు ఒక్కటే మార్చుకోవచ్చు. రాత్రిపూట ఎదురు లారీ లైట్లు గీతల మీద పడి చెదిరి, కళ్లు బైర్లు కమ్ముతుంటే మార్చే సమయం వచ్చినట్టే. మీ మోడల్‌కి సరిపోయే గ్లాసు హెల్మెట్ షాపులో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. నల్ల గ్లాసు ఒక్కటే పెట్టుకుని రాత్రి తిరగకండి. తుడిచేటప్పుడు పొడి గుడ్డతో రుద్దితే దుమ్మే గీతలు పెడుతుంది. తడి గుడ్డ రెండు నిమిషాలు కప్పి ఉంచి, నానిన తర్వాత తుడవండి.

కంపు కొడుతోందా? ఊడదీసిన గుడ్డల్ని గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి పిసికి, నీడలో ఆరేయండి. ఇంట్లో ఆరలేదని పొయ్యి దగ్గర పెట్టకండి. లోపలి థర్మాకోల్‌ని తడి గుడ్డతో అద్దితే చాలు. లోపల పలచని నూలు గుడ్డో, టోపీయో పెట్టుకుంటే నూనె, చెమట సగం దానికే అంటుతాయి.

గాలి రంధ్రాల మూత విరగడం, కింది రబ్బరు అంచు ఊడటం, స్టిక్కర్ చిరగడం లాంటివి హెల్మెట్ పనితీరుకి అడ్డు కావు.

ఎంత కొత్తదైనా పనికిరానివి

కొన్నిటికి ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి రెండు వందలకి, మూడు వందలకి అమ్మే వాటిలో చాలావాటి గుడ్డ ఎత్తి చూస్తే థర్మాకోలే ఉండదు, పలచని స్పాంజి ముక్క ఉంటుంది. అది పోలీసుల కోసం కొన్న టోపీ. ఐఎస్‌ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్లు అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి నిబంధన ఉంది. అయినా రోడ్డు మీద అమ్మకం ఆగలేదు.

ఫ్యాక్టరీలో ఇచ్చిన పసుపు పచ్చ హెల్మెట్ పెట్టుకుని బండి మీద వెళ్లేవాళ్లు పైడిభీమవరం దారుల్లో కనిపిస్తూనే ఉంటారు. దాని ప్రమాణం వేరు, ఐఎస్ 2925. పై నుంచి ఏదైనా పడితే నెత్తిని కాపాడటానికి చేసింది అది. పక్క నుంచి, వెనక నుంచి రోడ్డుకి తగిలే దెబ్బకి పనికిరాదు. గేటు దగ్గర ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవడం విసుగే, కానీ తప్పదు.

కొత్తది కొనేటప్పుడు

తల కొలత తీసుకుని వెళ్లండి. దర్జీ టేపుని కనుబొమలకి వేలెడు పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టండి. మన హెల్మెట్ల మీద సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది. 58 సెంటీమీటర్లు వస్తే 580 అని రాసి ఉన్నది, 60 వస్తే 600 ఉన్నది. మధ్యలో వస్తే రెండూ పెట్టి చూడండి. షాపులోనే ఐదు పది నిమిషాలు తలమీద ఉంచుకోండి. షాపతను "ఏటి సార్, ఇంకా చూస్తన్నారా" అన్నా సరే. చెంపలు కొంచెం ఒత్తుకోవాలి, వాడుతుంటే మెత్తలు సర్దుకుంటాయి. నుదుటి మీద ఒకే చోట నొప్పి పుడితే మాత్రం ఆ మోడల్ మీ తలకి పనికిరాదు.

వెనక ఐఎస్‌ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 4151, కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉండాలి. నకిలీ స్టిక్కర్లు బోలెడు. ఫోన్లో బీఐఎస్ (ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, లైసెన్స్ నడుస్తోందో లేదో చూపిస్తుంది. హెల్మెట్ మీది పేరూ, యాప్‌లో పేరూ ఒకటి కాకపోతే కొనకండి. తయారీ తేదీ కూడా అక్కడే చూసేయండి. డిస్కౌంటు ఎక్కువ ఇస్తున్నారంటే చాలాసార్లు అది షాపులో రెండేళ్లు కూర్చున్న సరుకు.

పది వేలది కొంటేనే తల నిలుస్తుందని కాదు. వెయ్యి, పదిహేను వందల్లో ఐఎస్‌ఐ ఉన్నవి, తలకి సరిగ్గా బిగిసేవి దొరుకుతాయి. డబ్బు ఉంటే ఒకటి ఖరీదైనది కొనే బదులు రెండు మామూలువి కొనండి, వెనక కూర్చునేవారికి కూడా కొత్తది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నడిపేవారికైనా వెనక కూర్చున్నవారికైనా, హెల్మెట్ పెట్టుకోవాలనే చెబుతోంది. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి కూడా హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వాళ్లు బండి మీద ఉన్నప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నిబంధన. పిల్లల తల పెరుగుతుంది కాబట్టి వాళ్ల హెల్మెట్‌కి ఐదేళ్ల లెక్క చూడకండి. స్కూళ్లు తెరిచే జూన్‌లో బూట్లు కొన్నప్పుడల్లా హెల్మెట్ కూడా తొడిగి చూడండి.

పాతదాన్ని ఏం చేయాలి

ఎవరికీ ఇవ్వకండి. పనమ్మాయి కొడుకు అడిగినా, పాత సామాన్లవాడు యాభై రూపాయలు ఇస్తానన్నా. అది కడిగి, పాలిష్ పెట్టి ఇంకెవరి తల మీదికో వెళ్తుంది. కత్తెరతో స్ట్రాప్ రెండు వైపులా మొదలంటా కోసేయండి, లోపలి థర్మాకోల్ ఊడబెరికేయండి, ఆ తర్వాత చెత్త బండికి వేయండి. ఊడబెరికేటప్పుడు దాని బయటి వైపు ఒకసారి చూడండి. ఇంతకాలం కనపడని నలుగుడు ఏదైనా ఉంటే అక్కడే కనిపిస్తుంది.

కొత్తదాని బిల్లుని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వాడకం మొదలుపెట్టిన నెల, సంవత్సరం ఒక చిన్న కాగితం మీద బాల్‌పెన్‌తో రాసి చెంప మెత్త వెనకాల దోపేయండి. థర్మాకోల్ మీద నేరుగా మార్కర్‌తో రాయకండి, ఆ సిరాలోనూ థర్మాకోల్‌కి పడని ద్రావకాలు ఉండొచ్చు.